రోజుకు ఆరుసార్లు

9-2-2006, గురువారం

అత్తకు ఆపరేషన్ చేయకుండా తిప్పి పంపారు.

కంటి క్యాంపు వ్యాన్‌లో మా ఊరి నుంచి ఏడుగురు ముసలివాళ్ళు అనంతపురం పోయారు. తోడుగా నేను వెళ్ళాను. ఆరుగురికి రేపు పొద్దున ఆపరేషన్. అత్త ఒక్కతే వెనక్కి. రెండు కళ్ళలోనూ పొర బాగా ముదిరిందని మొదట చెప్పారు. అందుకే ఇక చేసేస్తారనుకున్నాను. తర్వాత డాక్టరమ్మ రెప్పలు తిప్పి లైటు వేసి చూసింది. రెప్పల అంచులు వాచి ఎర్రగా ఉన్నాయట. వెంట్రుకల మొదళ్ళలో పొట్టు పట్టిందట. కంటిపైన తడే లేదట. సన్నటి కాగితం ముక్క ఒకటి కింది రెప్పలో తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. మంచి కన్నయితే పదిహేను గీతల దాకా తడుస్తుందట. అత్తది నాలుగో గీత దగ్గర ఆగిపోయింది.

మెషిన్‌లో గడ్డం పెట్టించి మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ మూడు నంబర్లు. ఆ కొలతను బట్టే లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క కడతారట. పైన ఎండిపోయిన కన్ను తప్పు కొలత ఇస్తుందట. అది ఒక సంగతి. రెప్పల్లో ఇంత మురికి పెట్టుకుని కన్ను కోస్తే ఆ క్రిములు లోపలికి పోయి కన్నే పోతుంది, ముందు పైభాగం బాగుచేసుకుని రండి, నాలుగు వారాల తర్వాత చూస్తాను అంది డాక్టరమ్మ.

అత్త అక్కడే కూర్చుండిపోయింది. అందరికీ చేసి నాకొక్కదానికి ఏమిటికి చేయరు, నేనేం తప్పు చేసినా అని అడిగింది.

డాక్టరమ్మ నాకు చీటీ ఇచ్చి, ఇక మీదే బాధ్యతమ్మా అంది. నేను తల ఊపాను.

10-2-2006

చీటీలో ఉన్నది: పొద్దున, సాయంత్రం వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మూసిన రెప్పల మీద పది నిమిషాలు. తర్వాత చంటిపిల్లల షాంపూ రెండు చుక్కలు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, దూదితో రెప్పల అంచులు తుడవాలి. తడి చుక్కలు రోజుకు ఆరుసార్లు. పడుకునే ముందు రెప్పల అంచుకు ఆయింట్‌మెంట్. ఒక మాత్ర.

మొదటి పూట వసారాలో గోడకు ఆనించి కూర్చోబెట్టి చేశాను. నా వేలు దగ్గరికి రాగానే అత్త ముఖం బిగిసిపోయింది. మెడ నరాలు లేచాయి. నేనెప్పుడూ ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూడలేదు. ఈ ఇంటికొచ్చి పన్నెండేళ్ళయింది. గుత్తి జంక్షన్‌లో గ్యాంగ్‌మన్ కూతురిని, టెన్త్ పాసై గొర్రెలవాళ్ళ ఇంట్లో పడ్డాను. నూటిరవై గొర్రెల్ని, ఇద్దరు కొడుకుల్ని, మొగుడిని ఒక్క కేకతో తిప్పిన మనిషి తిప్పమ్మ. చిన్న కొడుకు బళ్ళారిలో వేరే ఉన్నాడు. మామ పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడామె తల నా అరచేతిలో.

మెల్లగమ్మే, మెల్లగ, అంటోంది.

మెల్లగానే చేశాను.

14-2-2006

మారెక్క నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. ఎదురింటామె. అత్తతో పాటు వ్యాన్‌లో పోయినామె. బియ్యంలో మట్టిగడ్డ కనపడుతోందట, గోడ మీద చీమ కనపడుతోందట. అత్త దగ్గర కూర్చుని గంట సేపు ఏమేం కనపడుతున్నాయో చెప్పింది. నీకి ఎప్పుడు చేస్తారక్కా అని పోతూ పోతూ అడిగింది.

అత్త అన్నం తినలేదు. ఏటి ఇసుక గాలికి లేచి ఊరంతా పడుతోంది. గుడ్డ అడ్డం పెట్టుకోమంటే పెట్టుకోదు.

నా భర్త కుళ్లాయప్ప గొర్రెల్ని తోలుకుని కణేకల్ కాలవ కింద మళ్ళలోకి పోయి ఇరవై రోజులయింది. వరి కోసిన మళ్ళలో ఎరువు కోసం రాత్రుళ్ళు మంద పెడతాడు. పది రోజులకోసారి వచ్చిపోతాడు. ఇంట్లో అత్త, నేను, మా కూతురు హేమ.

17-2-2006

చుక్కలు వేసినప్పుడు ఆమె నా ముంజేయి పట్టుకుంటుంది. గోళ్ళు దిగుతున్నాయి. నేను విడిపించుకోను.

19-2-2006, ఆదివారం

హేమ ఇవాళ బడిలో ఫోటో తీస్తారంటే పోనంది. ఆదివారం కూడా పిలిచి తీస్తున్నారట. ఎందుకు పోవు అంటే చెప్పలేదు. నాకు తెలుసు. నాలుగో తరగతి. పక్కకు తిరిగి నిలబడమంటారు. పోయినేడు కూడా అదే అన్నారు.

ఇది ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తాను.

1998 మార్చిలో హేమకు తట్టు పోసింది. పంతొమ్మిది నెలల పిల్ల. ఒళ్ళంతా ఎర్రగా లేచి, కళ్ళు తెరవలేకపోయింది. అమ్మవారు వచ్చిందని అత్త వేపమండలు కట్టింది, ఆసుపత్రికి పోగూడదంది. నాలుగోనాడు కళ్ళలో పుసి కట్టింది. అత్త వాకిలి పక్కనుంచి ఆకు తెచ్చి నూరి, గుడ్డలో పిండి, పసరు పోసింది. నేను వద్దన్నాను. మూడు రోజులు పోసింది. కుడి కంటి నల్లగుడ్డు మీద తెల్లగా పొక్కులా వచ్చి, మెత్తబడి, పగిలింది. రాయదుర్గంలో డాక్టరు చూసి, తట్టులో పిల్లలకు ఎ విటమిన్ తగ్గి గుడ్డు మెత్తబడుతుంది, ఒక్క డోసు పడి ఉంటే నిలిచేది, ఆ పసరు మిగతా పని చేసింది అన్నాడు. ఎడమ కన్ను దక్కింది.

ఆ తర్వాతే నేను అంగన్‌వాడీకి అప్లికేషన్ పెట్టాను. ఏడాదికి రెండుసార్లు మా సెంటర్ పిల్లలందరికీ ఎ విటమిన్ సిరప్ నేనే పోస్తాను. ఒక్క పిల్ల తప్పిపోయినా ఇంటికి పోయి నోరు తెరిపించి పోసి వస్తాను.

అత్త ఎనిమిదేళ్ళలో దాని గురించి ఒక్కమాట మాట్లాడలేదు.

21-2-2006

సెంటర్‌లో సూపర్‌వైజర్ వచ్చింది. రిజిస్టర్లు చూపించి ఇంటికొచ్చేసరికి రెండున్నర. పొద్దుటి నుంచి చుక్కలు వేయలేదు. అత్త వసారాలో తల వెనక్కి వాల్చి కాచుకుని ఉంది. కళ్ళు మండుతున్నాయంది.

మందు సీసా అల్మారాలో ఉంది. దాని పక్కన నిరుడు హేమకు కళ్ళకలక వచ్చినప్పటి ఖాళీ సీసా ఉంది. నేను ఖాళీ సీసా తీసుకున్నాను. బిందెలోని నీళ్ళు దాంట్లో నింపాను. ఎందుకు చేశానో రాయడానికి కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏమీ తోచలేదు. చేశాను, అంతే.

రెండు చుక్కలు వేశాను.

సల్లగుండాదమ్మా అంది అత్త.

22-2-2006

ఇవాళ ఆరుసార్లూ నీళ్ళే.

25-2-2006

మాత్రలు మాత్రం ఇస్తున్నాను. అవి ఆమె వేళ్ళతో తడిమి లెక్కపెట్టుకుంటుంది. వేడిగుడ్డ పెట్టడం మానేశాను. మామూలు నీళ్ళ గుడ్డ పెట్టి, ఇంతకన్నా వేడి అయితే చర్మం కాలుతుందని చెప్పాను. ఆయింట్‌మెంట్ మూత తీసి, మూత పెట్టి, వట్టి వేలు రాస్తున్నాను. అత్తకు దీపం వెలుగుందో లేదో తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. వేలి మీద ఏముందో తెలియదు.

నీ చెయ్యి మంచిదే జయంతీ అంది. పన్నెండేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.

2-3-2006

ఎ విటమిన్ సిరప్ వచ్చింది. ముప్పై నాలుగు మంది పిల్లలకు పోశాను. ఒక పిల్లవాడు ఊసేశాడు. పట్టుకుని మళ్ళీ పోశాను. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి అత్త కళ్ళలో నీళ్ళు వేశాను.

9-3-2006, గురువారం

చెకప్. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. రెప్పలు అలాగే ఉన్నాయి, ఇంకా కొంచెం వాచాయి. కాగితం ఈసారి మూడో గీత దగ్గరే ఆగింది. మెషిన్ మళ్ళీ ఒక్కోసారి ఒక్కో నంబరు చూపింది.

మందులు సరిగ్గా వేస్తున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల అత్తే చెప్పింది. ఒక్క పూట తప్పలే తల్లీ, కడుపున పుట్టిన బిడ్డయినా ఇట్ల సేయదు అని.

డాక్టరమ్మ నా వైపు చూసి నవ్వింది. కొందరికి ఆలస్యంగా గుణం ఇస్తుంది, ఓపిక పట్టండి అంది. చుక్కల పేరు మార్చి రాసింది. ఏప్రిల్ ఆరున రమ్మంది.

బస్సులో అత్త ఏడ్చింది. ముఖం ఏడుస్తోంది, కంట్లో తడి లేదు. ఏడిస్తే కూడా మండుతాది జయంతీ అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

12-3-2006

మూడు రోజులుగా బాగా నిద్ర పడుతోంది. మధ్యలో మెలకువ రావడం లేదు.

18-3-2006

చేసినవి రాస్తాను, దాచుకోవడం దేనికి. నీళ్ళ చెంబు ఆమె చేయి పెట్టే చోటు నుంచి రెండడుగులు జరిపాను. తడుముకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. చేతికర్ర గోడకు అటువైపు పెట్టాను. మారెక్క వచ్చినప్పుడు అత్త రైక తిరగేసి తొడుక్కుని ఉంటే చెప్పలేదు.

ఆమె ఎవరినీ తిట్టడం లేదు. జయంతీ, రవ్వంత ఇటు రామ్మా అంటుంది. ఒకప్పుడు ఆ గొంతు వింటే నా చేతిలో గిన్నె జారేది.

హేమ బడి నుంచి వచ్చి చెంబు చేతికిచ్చింది. కర్ర వెతికి తెచ్చింది. రైక సరిచేసి కట్టింది. ఆ పిల్ల అవ్వ పక్కనే పడుకుంటుంది, మొదటి నుంచీ. నా పక్కన కాదు.

26-3-2006, ఆదివారం

పొద్దున అసలు సీసా తీశాను. ఇక చాలు, ఇవాళ్టి నుంచి సరిగ్గా చేద్దామనుకున్నాను. ఎందుకంటే నిన్న ఆమె వాకిట్లో పడింది. మోకాలు కొట్టుకుపోయింది. పడి, ఎవరినీ పిలవకుండా అక్కడే కూర్చుని ఉంది. నేను సెంటర్ నుంచి వచ్చేసరికి ఎంతసేపయిందో తెలియదు.

సీసా పట్టుకుని వసారాలోకి వస్తుంటే అక్కడ మాటలు వినబడ్డాయి. అత్త తమ్ముడు గోవిందప్ప వచ్చి ఉన్నాడు. హేమ చదువు సంగతి అడిగినట్టున్నాడు. ఐదుతో సాలించేది మేలప్పా, ఒంటి కంటిదాన్ని ఎవురు సేసుకుంటారు, గొర్రెలెంబడి పోతే దాని బతుకు అది బతుకుతాది అంటోంది అత్త.

సీసా మళ్ళీ అల్మారాలో పెట్టాను.

ఖాళీ సీసా నింపుకుని వచ్చాను. బిందె అడుగున కొంచెం మురికి ఉంది. చూసి కూడా నింపాను.

2-4-2006

అత్త కుడి కన్ను ఎర్రబడింది. ఇసుక పడిందేమో, పొడుస్తాందంది. రేపు చూద్దాంలే అన్నాను.

3-4-2006

రేపు చూద్దాంలే అన్నాను.

4-4-2006, మంగళవారం

పొద్దున రెప్ప ఎత్తి చూశాను. నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ.

నాకు ఆ మచ్చ తెలుసు.

రెప్ప వదిలి లేచాను. ఏమాయెమ్మే అని అత్త అడిగింది. ఏమీ లేదన్నాను. ఫోన్ బూత్‌కు పోయి కణేకల్‌లో కుళ్లాయప్పకు తెలిసిన ఎరువుల అంగడికి చెప్పించాను. అతను సాయంత్రానికి వచ్చాడు. అనంతపురం బస్సు రేపు పొద్దునే.

ఖాళీ సీసాను చెత్తకుప్పలో పారేశాను. అసలు సీసా సగం ఒలకబోశాను, వాడినట్టు కనపడాలని. ఇది కూడా రాస్తున్నాను.

5-4-2006

కార్నియాలో పుండట. గీకి తీసి స్లైడ్ మీద చూశారు. చీము లోపలికి దిగింది. వెంటనే వార్డులో చేర్చుకున్నారు. గంటకోసారి మందు. ఆపరేషన్ మాట ఇప్పుడు ఎత్తవద్దు, కన్ను నిలిస్తే చాలు అంది డాక్టరమ్మ.

తర్వాత అడిగింది. ఆకు పసరు ఏమైనా పోశారా అని.

అత్త, లేదు తల్లీ, ఏమీ పోయలేదు అంది.

డాక్టరమ్మ నమ్మలేదు. రోజూ ఇలాంటి కేసులు చూస్తున్నాను, నిజం చెప్పకపోతే మందు ఎలా ఇవ్వాలి అని గట్టిగానే అంది. అప్పుడు కుళ్లాయప్ప ముందుకొచ్చాడు. వార్డులో పదిమంది మంచాల మధ్య నిలబడి తల్లిని అడిగాడు. మళ్ళా పోసినావా ముసల్దానా, నా కూతురి కన్ను తీసిండేది సాలలేదా నీకి అన్నాడు.

లేదు నాయనా. నీ మీద ఆన. పోయలే.

మరి ఎట్ల వచ్చినాది. జయంతి పూటపూటకీ మందు ఏస్తాండ్య. ఆకాశం నుంచి రాల్యాదా.

అత్త నా వైపు ముఖం తిప్పింది. నేనెక్కడున్నానో గొంతును బట్టి తెలుసుకుంటుంది. నేను మాట్లాడలేదు కాబట్టి కొంచెం తప్పు వైపు తిప్పింది, మంచం కోడు వైపు. జయంతీ, నువ్వు సెప్పమ్మా, నేను పోసింటే నీకి తెలీదా అంది.

నేను చీటీ మడత పెడుతూ నిలబడ్డాను.

కేస్ షీటులో రాశారు. నాకు ఇంగ్లీషు అంత రాదు గాని ఆ ముక్క చదవగలిగాను. నాటుమందు వేసుకున్నట్టు అనుమానం.

7-4-2006

గంటకోసారి వేస్తున్నాను. ఒక్కటి తప్పలేదు. నర్సు వచ్చి మీరు కాసేపు పడుకోండి అంటే పోలేదు. మందు నిజంగా మందు. ఒక్కో చుక్కకు అత్త ఒళ్ళు విల్లులా లేస్తోంది. అంత మంట.

కుళ్లాయప్ప గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. తల్లితో మాట్లాడకుండా పోయాడు. హేమను మారెక్క ఇంట్లో పెట్టాడు. ఊరంతా తెలిసిపోయి ఉంటుంది, తిప్పమ్మ మళ్ళీ పసరు పోసుకుందని.

9-4-2006, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు సద్దుమణిగింది. అత్త నిద్రపోయిందనుకున్నాను.

తనంతట తానే మాట్లాడింది. మెల్లగా, పక్క మంచానికి వినపడనంత. ఆ పొద్దు హేమ కంట్లో పోసిన మాట నిజమే జయంతీ. మాయమ్మ నాకి పోసింది, నాకి బాగాయ. దానికి గూడ బాగైతాదనుకున్యా. పోయింది. ఆ పొద్దు నేనే పోసినా. ఈ పొద్దు మాత్రం నేనేం సేయలే.

దుప్పటి పైకి లాక్కుంది.

మళ్ళీ అంది. నువ్వు తలకాయ పట్టుకుంటివి, నేను పోస్తి. పిల్ల ఎగురుతాంటే నీ మోకాళ్ళ నడుమ ఇరికించి పట్టుకుంటివి. అంతా నన్నే అనిరి. నువ్వు సిన్నదానివి, పోనీలే అని నేను నీ మాట యాడా సెప్పలే.

ఫిబ్రవరిలో నేను రాసింది అబద్ధం. వద్దన్నాను అని రాశాను. అనలేదు. రాయదుర్గం పోదామని మొదటి రోజు ఒకసారి అన్నాను, అంతే. పసరు పోసినప్పుడు ఏమీ అనలేదు. తల పట్టుకున్నాను. మూడు రోజులూ నేనే పట్టుకున్నాను. రెండో రోజు అత్తకు నడుము నొప్పి అంటే ఆకు నేనే తెచ్చాను. బాగైపోతుందని ఆమె ఎంత నమ్మిందో నేనూ అంతే నమ్మాను. డాక్టరు పసరు అనే మాట అన్న క్షణం నుంచి అదంతా ఆమె చేసిందే అయిపోయింది. కుళ్లాయప్పకు అలాగే చెప్పాను. మా అమ్మకు అలాగే చెప్పాను. చివరికి ఈ పుస్తకానికి కూడా అలాగే చెప్పాను.

11-4-2006

చెప్పేశాను.

నేను మందు ఏయలేదత్తా. నీళ్ళేసినా. ఫిబ్రవరి నుంచి. నలభై మూడు దినాలు.

అత్త ముఖంలో ఏమీ కదలలేదు. కుడి కంటికి గుడ్డ కట్టి ఉంది. ఎడమ కన్ను పైకప్పు వైపు తెరిచి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. తిడుతుందనుకున్నాను. కేకేసి నర్సును పిలుస్తుందనుకున్నాను. అలా జరగాలనే కోరుకున్నాను.

ఒకటే అడిగింది. హేమకి తెలుసునా.

లేదన్నాను.

తెలియనీయద్దు, అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

12-4-2006

పొద్దున చుక్కలు వేయబోతే చేయి అడ్డం పెట్టింది. నువ్వొద్దు అంది. నర్సమ్మను పిలువు.

నర్సు వచ్చి ఏమైందని అడిగింది. నా కోడలికి సేతులు అలసినాయి అని చెప్పింది అత్త.

24-4-2006

డిశ్చార్జ్. కుడి కన్ను గుడ్డు నిలిచింది, చూపు పోయింది. మధ్యలో పెద్ద తెల్ల పువ్వు వేసింది. ఎడమ కన్ను రెప్పలు ఇప్పుడైనా జాగ్రత్తగా బాగుచేసుకుంటే దానికి ఆపరేషన్ చేస్తామన్నారు. ఈసారి పసరు జోలికి పోతే మా దగ్గరికి రావద్దని డాక్టరమ్మ అత్తకు చెప్పింది.

పోను తల్లీ అంది అత్త.

నా ముందే అంది. నేను అక్కడే ఉన్నాను.

26-4-2006

వేసవి సెలవులు. చీటీ హేమ చదువుకుంది. నాకు ఇవ్వలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి వేలు ముంచి చూసి, గుడ్డ పిండి, అవ్వ రెప్పల మీద వేసి, గడియారం ముందు కూర్చుంటుంది. పది నిమిషాలంటే పది నిమిషాలే. దూదితో రెప్పల అంచు తుడిచేటప్పుడు తన మంచి కన్ను దగ్గరగా పెట్టుకోవడానికి తల ఒక పక్కకు వంచుతుంది. అత్త ఆ పిల్ల చేతి కింద గొర్రెపిల్లలా ఉంటుంది. మెడ బిగించదు.

నేను వంటింట్లోంచి చూస్తాను. నీళ్ళు కాచి ఇవ్వాలా అని అడిగితే, వద్దులేమా, నేను కాంచుకుంటా అంది హేమ. వాళ్ళవ్వ ఏమీ చెప్పలేదు దానికి. అది నాకు తెలుసు. ఏమీ చెప్పకుండానే నీళ్ళు కూడా నా చేతి నుంచి పోయాయి.

7-5-2006

కుళ్లాయప్ప వచ్చాడు. తల్లికి ఎదురుపడకుండా పెరటి దారిన తిరుగుతున్నాడు. ఆమె ఉన్న వసారాలో అన్నం తినడు. అసలు సంగతి చెప్పాలని మూడుసార్లు దగ్గరికి పోయాను. మూడోసారి ఏం కావల్ల అని అడిగాడు.

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

18-5-2006

చెకప్. ఎడమ రెప్పలు శుభ్రంగా ఉన్నాయి. కాగితం తొమ్మిది గీతలు తడిసింది. మెషిన్ మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే నంబరు. మూడు వారాల్లో ఇంత మార్పా, ఎవరు చేస్తున్నారు అని అడిగింది డాక్టరమ్మ. హేమ చేయి ఎత్తింది, బడిలోలాగా. డాక్టరమ్మ ఆ పిల్ల కన్ను చూసింది. నా వైపు చూసింది. దీని కథేమిటి అని అడిగింది.

అత్తే చెప్పింది. తట్టు పోసినాది తల్లీ, నేనే పసరు పోస్తి, నేనే, నా సేతులతోనే, అని.

నేనే అన్న మాట రెండుసార్లు అంది.

9-6-2006, శుక్రవారం

నిన్న ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. ఇవాళ పొద్దున కట్టు విప్పారు.

వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ విప్పుకుంటూ వచ్చారు. క్యాంపు మనిషి ఓబుళేసు ప్రతి ఒక్కరి ముందూ నిలబడి, ఎదురుగా ఎవరున్నారో చెప్పమని అడుగుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు. అత్త వంతు వచ్చింది. ముందు హేమను చూసింది. దాని గడ్డం పట్టుకుని, ముఖం అటు ఇటు తిప్పి, కుడి కన్ను చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో అది ఎంత తెల్లగా అయిందో ఆమెకు తెలియదు.

ఈమె ఎవరమ్మా అని ఓబుళేసు నన్ను చూపించాడు.

అత్త నా కాళ్ళ నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. నా ముఖం దగ్గర ఆగింది. ఆ చూపు నేను మర్చిపోయాను, ఐదారేళ్ళయింది. మునుపటి చూపే. సగమే, కాని అదే.

మా కోడలు. బాగ చూసుకునింది నన్ను, అంది.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. పక్క మంచం ముసలామె నా చేయి తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

2-7-2006

అత్త ఇంటి పని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బియ్యం ఆమే కొలుస్తుంది. గొంతు లేచింది. హేమ ఐదో తరగతికి పోయింది. ఆరుకు రాయదుర్గం హాస్టల్లో వేస్తామని నేనంటే, ఏయి, సదవనీ అంది. అడ్డం పడుతుందని నేను దాచుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

కొడుకు ఇంకా మాట్లాడడం లేదు. ఆమె కూడా అడగడం లేదు. అతను గడప దాటి పోతుంటే ఆ ఒక్క కంటితో వెనక నుంచి చూస్తుంది.

నన్ను ఏమీ అనదు. నేను వంచిన తల ఎత్తేసరికి ఎప్పుడూ నా వైపే చూస్తూ ఉంటుంది.

10-8-2006

ఓబుళేసు ఇంటికి వచ్చాడు. కొత్త క్యాంపులో మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చాలామందిని రెప్పలు బాగాలేవని తిప్పి పంపారట. ఇళ్ళలో సరిగ్గా చేయడం లేదట. వాళ్ళనందరినీ వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టి చేసి చూపించే మనిషి కావాలన్నాడు. మీ అత్తగారు మీ పేరు చెప్పారు అన్నాడు.

నేను అత్త వైపు తిరిగాను.

దానికి బాగ తెలుసప్పా, అంది. దాని సేతనే సేయించండి. మా వసారాలోనే పెట్టుకోండి, నా కండ్ల ముందర.

వద్దనడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. ఉన్న కారణం చెప్పలేనిది.

17-8-2006, గురువారం

ఇవాళ తొమ్మిది మంది. అందరూ తలలు వెనక్కి వాల్చి వసారా పొడుగునా కూర్చున్నారు. అత్త వాళ్ళ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ప్రతి సీసా మూత తీసేముందు ఆమెకు చూపిస్తున్నాను. ఆమె తల ఊపాకే వేస్తున్నాను.